నిర్వీర్యం చేసిన బ్రెన్ గన్‌ను, దాని సామానును సేకరించడం ఎలా?

బ్రిటన్‌లో స్థిరపడి, రెండో ప్రపంచ యుద్ధ చరిత్రపై మక్కువ ఉండి, మళ్లీ పేలకుండా నిర్వీర్యం చేసిన ఆ కాలపు మెషిన్ గన్ ఒకటి సేకరించాలనుకునే తెలుగువారి కోసం ఈ వ్యాసం. ఇందులో బ్రెన్ గన్ ఒక్కదాని గురించే చెబుతాను. కారణం దగ్గరిదే. ఇటలీలో 4వ, 8వ, 10వ భారత డివిజన్ల సైనికులు, బర్మా అడవుల్లో మన రెజిమెంట్లు మోసిన తేలికపాటి మెషిన్ గన్ ఇదే. సైనిక ఇంజినీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో, మద్రాస్ రెజిమెంట్‌లో తెలుగువారు పనిచేశారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరు తెచ్చుకుంది. తాతగారి పతకాలు పెట్టెలో ఉన్న ఇళ్లవారికి ఈ వస్తువు ఊరికే ఇనుము కాదు.

ముందే ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పే పద్ధతి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో ఉంటున్నవారికి మాత్రమే. భారతదేశంలో ఆటోమేటిక్ తుపాకులు 1959 ఆయుధాల చట్టం కింద నిషిద్ధ ఆయుధాలు. నిర్వీర్యం చేసినట్టు బ్రిటన్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది కదా అని సామానులో పెట్టుకుని హైదరాబాద్ విమానాశ్రయంలో దిగే ఆలోచన కలలోనైనా చేయవద్దు. అమెరికాలో ఉన్నవారికీ ఈ కాగితం పనికిరాదు. అక్కడ 1968 చట్టం తరువాత నిర్వీర్యం చేసిన మెషిన్ గన్‌ను కూడా రిజిస్టర్ చేయవలసిన మెషిన్ గన్‌గానే చూస్తారు.

తుపాకీకి ముందు సంవత్సరాన్ని ఎంచుకోండి

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ముందు తుపాకీ కొని, తరువాత కనిపించిన సామానంతా దాని చుట్టూ చేరుస్తారు. దానివల్ల 1938 తుపాకీకి 1944 నాటి ముందు కాళ్లు (బైపాడ్), 1950ల పట్టీ, ఏ దేశానిదో తెలియని డబ్బా కలిసి ఒకచోట చేరతాయి. అందులో ప్రతి వస్తువూ అసలుదే కావచ్చు. కానీ అవన్నీ కలిసి ఏ సైనికుడి చేతిలోనూ ఉండి ఉండవు. నా సలహా దీనికి నేరుగా వ్యతిరేకం. ఒక సంవత్సరం, ఒక యుద్ధరంగం, వీలైతే ఒక డివిజన్ ఎంచుకోండి. ‘ఇటలీ, 1944 వేసవి, భారత పదాతి దళ సెక్షన్’ అని ఒక కాగితం మీద రాసుకోండి (సెక్షన్ అంటే పది మంది చిన్న జట్టు). ఆ తరువాత కొనే ప్రతి వస్తువునూ ఆ కాగితంతో పోల్చి చూడండి.

అలా ఎంచుకోవాలంటే బ్రెన్ చరిత్ర కొంత తెలియాలి. దీని మూలం చెకొస్లొవేకియాలోని బ్రనో నగరంలో తయారైన జెడ్‌బీ 26. దాన్ని బ్రిటిష్ వారి పాయింట్ 303 తూటాకు తగ్గట్టు మార్చి, 1937లో లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో ఉత్పత్తి మొదలుపెట్టారు. బ్రనోలోని మొదటి రెండు అక్షరాలు, ఎన్‌ఫీల్డ్‌లోని మొదటి రెండు కలిపితే దాని పేరు. మార్క్ 1 రకం చాలా శ్రద్ధగా చెక్కిన తుపాకీ. గురి చూసే వెనుక సైటును గుండ్రటి డ్రమ్ము తిప్పి సరిచేస్తారు. కాళ్లు పొడవు మార్చుకోవచ్చు. మొదట్లో తయారైనవాటికి దూరదర్శిని అమర్చే ఉద్దేశంతో ఎడమ పక్కన ఒక దిమ్మె ఉంటుంది, మడమ (భుజానికి ఆనించే వెనుక కొయ్య) కింద మడిచే పిడి ఉంటుంది.

1940లో డంకర్క్ తీరంలో బ్రిటిష్ సైన్యం వేల బ్రెన్ గన్‌లు వదిలేసి రావలసి వచ్చింది. జర్మన్లు వాటిని తీసుకుని తమ పద్ధతిలో ఎంజీ 138 అని పేరు పెట్టి వాడుకున్నారు. ఇక్కడ మిగిలినవి చాలలేదు. త్వరగా, చవకగా తయారుచేయడం కోసం 1941లో మార్క్ 2 వచ్చింది. డ్రమ్ము సైటు పోయి నిచ్చెనలా లేచే సాదా సైటు వచ్చింది, కాళ్ల పొడవు స్థిరమైంది, మడమ కింది పిడి పోయింది. 1944లో మార్క్ 3 వచ్చింది. దాని గొట్టం పొట్టిది, బరువు మార్క్ 1 కన్నా కిలో పైగా తక్కువ. కెనడాలో టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ, ఆస్ట్రేలియాలో లిత్‌గో కర్మాగారం, బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా బ్రెన్‌లు చేశాయి.

ఒక్క విషయం మరవకండి. యుద్ధం మొదటి ఏళ్లలో భారత సైన్యం దగ్గర ఎక్కువగా ఉన్నది బ్రెన్ కాదు, ఇషాపూర్‌లో తయారైన వికర్స్-బెర్తియే. దానికీ బ్రెన్ లాగే పైన వంపు తిరిగిన మ్యాగజీనే (తూటాలు నింపే డబ్బా) ఉంటుంది. అందుకే పాత ఫొటోల్లో చాలామంది దాన్ని బ్రెన్ అని పొరబడతారు. మీరు ఎంచుకున్నది 1940-41 నాటి భారత సైన్యమైతే బ్రెన్ కొనే ముందు ఆ ఫొటోలను నిదానంగా చూడండి.

కాగితాలు చూశాకే తుపాకీని చూడండి

బ్రిటన్‌లో 1988 తుపాకుల (సవరణ) చట్టం నిర్వీర్యం చేసిన తుపాకులకు సర్టిఫికెట్ పద్ధతి తెచ్చింది. ఆ పరీక్ష చేసి ముద్ర వేసేవి లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లు. నిర్వీర్యం చేసే ప్రమాణాలు 1989 నుంచి అమలులో ఉన్నాయి. 1995లో ఆటోమేటిక్ తుపాకులకు అవి బాగా కఠినమయ్యాయి. 2016 ఏప్రిల్‌లో ఐరోపా ప్రమాణం వచ్చింది, 2018లో దాన్ని సవరించారు.

ఈ తేదీలు మీ జేబుకు సంబంధించినవి. 1995కు ముందు నిర్వీర్యం చేసిన బ్రెన్‌ను విప్పి చూడవచ్చు, లోపలి భాగాలు కదులుతాయి. సేకరణదారులకు అవంటే ప్రాణం. కానీ 2017లో వచ్చిన చట్టం ప్రకారం, ఇప్పటి ప్రమాణానికి తగని పాత తుపాకీని అమ్మకానికి పెట్టడం, అమ్మడం, బహుమతిగా ఇవ్వడం నేరం. అది ముందునుంచీ ఉన్నవారు తమ దగ్గర ఉంచుకోవచ్చు. ఎవరైనా సైనిక వస్తువుల మేళాలో పక్కకు పిలిచి ‘ఇది పాత రకం, అన్నీ కదులుతాయి, పాత సర్టిఫికెట్ కూడా ఉంది’ అంటే, ఆ మాట వినగానే అక్కడినుంచి కదలండి.

ఇప్పుడు చట్టబద్ధంగా అమ్ముడయ్యే బ్రెన్‌లో గొట్టం ఊడదు, తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు కదలదు, మ్యాగజీన్ కూడా మామూలుగా విడిరాదు. దీనికి బాధపడేవారు ఉన్నారు. నాకు మాత్రం ఇది సబబుగానే తోస్తుంది. యుద్ధానికి చేసిన ఆయుధం మళ్లీ ఎవరి మీదికీ లేవకుండా ఉండడం, దాన్ని చట్టబద్ధంగా ఇంట్లో ఉంచుకునే హక్కుకు మనం చెల్లించే వెల. ఆ వెలను మళ్లీ తగ్గించుకునే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు. అతుకు గీకడం, వెల్డింగ్ మీద ఆకురాయి పెట్టడం, ‘కొంచెం కదిలితే బాగుండు’ అని లోపల చేయి పెట్టడం, ఏదీ వద్దు. అది జైలుకు వెళ్లే పని.

కొనేటప్పుడు చూడవలసిన క్రమం ఇది. సర్టిఫికెట్ మీది నంబరు, తుపాకీ శరీరం మీది నంబరు ఒకటేనా? ప్రూఫ్ హౌస్ ముద్ర తుపాకీ మీద స్పష్టంగా ఉందా? ఐరోపా ప్రమాణం ప్రకారం చేసినదైతే ముఖ్య భాగాలన్నిటి మీద ఆ గుర్తు, సంవత్సరం ఉండాలి. ఫొటోకాపీ చూపి ‘అసలుది తరువాత పంపుతాను’ అనే అమ్మకందారుకు డబ్బు ఇవ్వకండి.

చేతులు మారినప్పుడు ఆ సంగతిని హోం ఆఫీసుకు తెలియజేయాలన్న నిబంధన 2019 డిసెంబరు నుంచి ఉంది. అందులో ఇద్దరి పేర్లు, చిరునామాలు, తుపాకీ తయారీ, రకం, నంబరు ఉంటాయి. మంచి డీలర్ ఇది తానే చేస్తాడు. మీరు మాత్రం పంపిన సమాచారం కాపీ అడిగి తీసుకుని సర్టిఫికెట్ పక్కనే పెట్టుకోండి.

తుపాకీ మీద అక్షరాలు చదవండి

కాగితాలు సరిగ్గా ఉంటే ఇప్పుడు తుపాకీ దగ్గరికి రండి. శరీరం కుడి పక్కన రకం, తయారీదారు, సంవత్సరం చెక్కి ఉంటాయి. ఇంగ్లిస్ చేసినవాటిపై ఆ కంపెనీ పేరు, సంవత్సరం సులభంగానే కనిపిస్తాయి. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి వెడల్పాటి బాణం గుర్తు, కెనడా ఆస్తికి సీ అక్షరం లోపల అదే బాణం. ఇంగ్లిస్ కంపెనీ చైనా జాతీయవాద సైన్యం కోసం 7.92 మిల్లీమీటర్ల తూటాకు కూడా బ్రెన్‌లు చేసింది. వాటిపై చైనా అక్షరాలుంటాయి, మ్యాగజీన్ వంపు తక్కువ. అవి మంచి వస్తువులే, కానీ మీ కాగితం మీద ‘ఇటలీ’ అని రాసి ఉంటే అవి మీకు కావు.

మూడు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయేమో వెతకండి: ఎఫ్‌టీఆర్, పక్కన ఒక సంవత్సరం. కర్మాగారంలో ఆ తుపాకీని పూర్తిగా బాగుచేశారని దాని అర్థం. 1942లో పుట్టి 1950లలో బాగుపడిన బ్రెన్‌కు యుద్ధానంతర రంగు, మార్చిన భాగాలు ఉండవచ్చు. అది మోసం కాదు, ఆ తుపాకీ జీవితమే అది. కానీ ధర మాట్లాడేటప్పుడు ‘యుద్ధం నుంచి తాకనిది’ అని అమ్మకందారు చెబితే ఆ ముద్రను వేలితో చూపండి.

మరో చిక్కు ఎల్4 రకం. యుద్ధం తరువాత నాటో తూటా అయిన 7.62కు మార్చిన బ్రెన్ అది. దాదాపు నిటారుగా ఉండే మ్యాగజీన్ చూడగానే గుర్తుపట్టవచ్చు. తొందరలో ఉన్నవారు దాన్ని యుద్ధకాలపు మార్క్ 3గా పొరబడతారు. చివరగా సైటు, కాళ్లు, మడమ, గొట్టం ఒకే రకానివేనా చూడండి. సైన్యం తానే భాగాలు మార్చి వాడింది కాబట్టి కలగలుపు ఉంటే తప్పు అనను. ఎందుకు కలిసిందో మీకు తెలిసి ఉండాలి, అంతే.

సామాను: అసలు సేకరణ ఇక్కడ మొదలవుతుంది

బ్రెన్ గన్‌ను ఒంటరి మనిషి నడపలేదు. నంబర్ 1 కాల్చేవాడు. నంబర్ 2 అతని పక్కన పడుకుని మ్యాగజీన్లు మార్చేవాడు, వేడెక్కిన గొట్టం మార్చేవాడు. సెక్షన్‌లోని మిగతా రైఫిల్‌మెన్ కూడా తమ సంచుల్లో బ్రెన్ మ్యాగజీన్లే మోసేవారు. పది మంది నడుములకు ఒకే తుపాకీ మ్యాగజీన్లు వేలాడేవి. అందుకే తుపాకీ ఒక్కటే గోడకు తగిలిస్తే నాకు సగం కూడా చూసినట్టు ఉండదు. దాని చుట్టూ ఆ పది మంది సామాను ఉండాలి.

మొదట సంపాదించవలసినవి మ్యాగజీన్లు. ముప్పై తూటాల కోసం చేసినా, అంచు ఉన్న పాయింట్ 303 తూటాలు ఒకదానికొకటి తగులుకుని ఇరుక్కుంటాయని సాధారణంగా ఒకటి రెండు తక్కువే నింపేవారు. ఆ వంపు కూడా ఆ అంచు వల్ల వచ్చిందే. మ్యాగజీన్ల మీద తయారీ గుర్తు, సంవత్సరం ఉంటాయి, మీ కాగితానికి సరిపోయేవి ఏరుకోండి. నొక్కు పడినవి, పెదవులు వంగినవి చవకగా దొరుకుతాయి. ప్రదర్శనకు ఒకటి రెండు అలాంటివీ ఉండనివ్వండి, వాడిన వస్తువు వాడినట్టే కనిపిస్తుంది.

తరువాత పన్నెండు మ్యాగజీన్లు పట్టే ఉక్కు పెట్టె. వాహనాల్లో, బ్రెన్ క్యారియర్లు అనే చిన్న సైనిక బండ్లలో అవే ఉండేవి. మూత మీద, పక్కల మీద స్టెన్సిల్ అక్షరాలు, సంవత్సరం ఉంటాయి. ఇంటి షెడ్డులో పనిముట్లు పెట్టుకున్న పెట్టెల్లో ఇవి చాలాసార్లు బయటపడతాయి. పైన కొత్త రంగు ఉంటే గీకే ముందు ఒక మూల మెల్లగా పరీక్షించండి. కింద అసలు స్టెన్సిల్ ఉండవచ్చు.

నంబర్ 2 భుజానికి వేలాడే పొడవాటి కాన్వాస్ సంచిని హోల్డాల్ అంటారు. అదనపు గొట్టం, శుభ్రం చేసే కడ్డీ అందులో ఉండేవి. సంచి కొనండి, మంచిదే. కానీ గొట్టం దగ్గర ఆగండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: నిర్వీర్యం చేయని విడి గొట్టం, విడి బోల్టు బ్రిటన్ చట్టం దృష్టిలో నిషిద్ధ ఆయుధపు భాగాలు. పాత సామాను గుట్టలో తుప్పు పట్టి పడి ఉన్నా అంతే. అదనపు గొట్టానికి కూడా దాని సొంత సర్టిఫికెట్ ఉండాలి. అది దొరకకపోతే హోల్డాల్‌లో అదే కొలతకు చెక్కించిన కొయ్య పెట్టండి, సంచి ఆకారం నిలుస్తుంది.

చిన్న కాన్వాస్ వాలెట్ మరో ముచ్చటైన వస్తువు. అందులో కాంబినేషన్ టూల్ (పలు పనులకు ఒకటే పనిముట్టు), నూనె డబ్బా, కుంచె, కొన్ని చిన్న విడిభాగాలు ఉంటాయి. తుపాకీని నడిపే వాయువును అదుపు చేసే బ్రెన్ గ్యాస్ రెగ్యులేటర్‌కు నాలుగు రంధ్రాలు ఉంటాయి. మసి పేరుకుని తుపాకీ మందగించినప్పుడు ఆ టూల్‌తోనే పెద్ద రంధ్రానికి తిప్పేవారు. కొత్తవారు ఈ వాలెట్‌ను ఖాళీగా కొని వదిలేస్తారు. ఒక్కో పనిముట్టూ వేరువేరుగా వెతికి, గుర్తులు సరిచూసి, నింపడంలో ఉన్న ఆనందం పెద్ద తుపాకీ కొనడంలో ఉండదు. అందులో పట్టే విడిభాగాల్లో ఏవైనా చట్టం కిందికి వస్తాయేమో డీలర్‌ను ముందే అడగండి.

ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) ఉంటే బాగుంటుంది, కానీ దానికి గది కావాలి. విమానాల వైపు కాల్చడానికి దాన్ని ఎత్తుగా నిలిపే ఏర్పాటు కూడా ఉంది. అదే పనికి చేసిన వంద తూటాల డ్రమ్ము చాలా అరుదు. పదాతి సెక్షన్ సేకరణకు ఈ రెండూ తప్పనిసరి కావు.

సైనికుడి నడికట్టు, పట్టీలు, సంచుల సామాను అయిన 1937 నమూనా వెబ్బింగ్‌లోని బేసిక్ పౌచ్‌లు మాత్రం తప్పక కావాలి. ఒక్కో పౌచ్‌లో రెండు బ్రెన్ మ్యాగజీన్లు పట్టేలా కొలత తీసి చేశారు. అంటే ఆ సంచి ఆకారాన్ని నిర్ణయించింది ఈ తుపాకీయే. లోపలి వైపు తయారీదారు, సంవత్సరం, బాణం గుర్తు సిరాతో ముద్రించి ఉంటాయి. భారతదేశంలో చేసిన వెబ్బింగ్ నేత బ్రిటన్‌దానికన్నా మొరటు. చాలామంది డీలర్లు దాన్ని తక్కువగా చూస్తారు, ధరా తక్కువే పెడతారు. భారత డివిజన్‌ను ఎంచుకున్న మీకు ఆ మొరటు నేతే ఎక్కువ విలువైనది. ముందు దాన్నే అడగండి.

తూటాల విషయంలో ఒకటే నియమం. గాడులు లేదా రంధ్రాలు ఉన్న సైనిక డ్రిల్ (శిక్షణకు వాడే పేలని) తూటాలు, లేదా మందు లేదని, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ కాలిపోయిందని కళ్లతో చూడగలిగినవి మాత్రమే తీసుకోండి. పాత పెట్టెలో అనుమానంగా ఉన్న తూటా కనిపిస్తే ఊపి చూడకండి, విప్పకండి. అక్కడే వదిలి పోలీసులకు ఫోను చేయండి.

యుద్ధకాలపు శిక్షణ పాంప్లెట్లు కూడా వెతకండి. లైట్ మెషిన్ గన్ మీద సైన్యం వేసినవి చిన్నగా, పలచగా, చవకగా ఉంటాయి. ఏ వస్తువు ఎవరు మోశారు, ఎక్కడ పెట్టారు అన్నది వాటిలోనే స్పష్టంగా ఉంటుంది. మీ అమరికలో తప్పులు దిద్దేది అవే.

శుభ్రం చేయడం కాదు, కాపాడడం

కాన్వాస్, వెబ్బింగ్ ఉతకకండి. సైనికుడు పూసిన ఆకుపచ్చ బ్లాంకో పొడి, సిరాతో రాసుకున్న తన నంబరు, ఒక్క ఉతుకుతో పోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఉక్కుకు పలచగా నూనె, లేదా మ్యూజియంలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం రాయండి. ఎర్ర తుప్పు ఉంటే నూనెలో తడిపిన సన్నని ఉక్కు ఉన్నితో మెల్లగా తుడవండి, ముద్రల మీద మాత్రం వద్దు. కొయ్యకు ఏడాదికోసారి కొద్దిగా అవిసె నూనె చాలు. ప్రూఫ్ హౌస్ ముద్ర ఉన్న చోట ఏ రంగూ, ఏ పాలిషూ వేయకండి. ముద్ర చెరిగితే మీ కాగితానికి తుపాకీతో సంబంధం తెగుతుంది.

చేతి చెమటలోని ఉప్పు తుప్పుకు దారి. తొడుగులు వేసుకుని పట్టుకోండి. తడి గోడకు ఆనించి పెట్టవద్దు, మూసిన గాజు పెట్టె అయితే సిలికా జెల్ సంచులు వేసి అప్పుడప్పుడూ మార్చండి.

ఇంట్లో, దారిలో

కిటికీలోంచి కనిపించేలా తుపాకీ పెట్టకండి. దారిన పోయేవారికి అది నిర్వీర్యమైనదని ఎలా తెలుస్తుంది? ఒక్క ఫోనుతో సాయుధ పోలీసులు మీ తలుపు దగ్గర ఉంటారు, వారి తప్పు ఉండదు. పిల్లలకు, స్నేహితులకు చూపించేటప్పుడు కూడా ఇంట్లోనే. పెరట్లో ఫొటోలు దిగడం, వీధిలోకి తేవడం వద్దు. సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో ఇలాంటిది పట్టుకుని ఉండడం బ్రిటన్‌లో నేరం.

మేళాకో, పాఠశాలలో ప్రసంగానికో తీసుకెళ్లవలసి వస్తే, మూసిన సంచిలో, కారు డిక్కీలో, సర్టిఫికెట్ కాపీతో సహా తీసుకెళ్లండి. మధ్యలో ఆగి కారు వదిలి వెళ్లవద్దు. రైల్లో, బస్సులో వద్దే వద్దు. పాఠశాల అయితే యాజమాన్యం నుంచి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. ఇంటి బీమా కంపెనీకి కూడా ఫొటోలతో తెలియజేయండి, మామూలు పాలసీ దీన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

కొనే ముందు అసలువి చూడాలంటే లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ ఉన్నాయి. మీ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. భారత సైన్యం సంగతులకు చెల్సీ మ్యూజియమే ముందు.

ప్రతి వస్తువుకూ ఒక పేజీ

ఒక గట్టి నోటు పుస్తకం తీసుకోండి. ప్రతి వస్తువుకూ ఒక పేజీ ఇచ్చి అందులో ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, దాని మీద ఏ ముద్రలున్నాయి, అమ్మినవారు దాని చరిత్ర ఏమి చెప్పారు అన్నది రాయండి. వారు చెప్పింది ఒక రంగు సిరాతో, మీరు స్వయంగా నిర్ధారించింది మరో రంగుతో రాయండి. ‘ఇది ఇటలీలోని కసీనో యుద్ధంలో వాడిన బ్రెన్’ అని అమ్మినవారు చెప్పవచ్చు. నంబరు గానీ కాగితం గానీ దాన్ని రుజువు చేయకపోతే, అది మొదటి రంగులోనే ఉండాలి.

కుటుంబంలో ఎవరైనా ఆ యుద్ధంలో పనిచేసి ఉంటే వారి సర్వీసు వివరాలు, పతకాల అంచు మీది పేరు, ఒకటి రెండు ఫొటోలు ఈ పుస్తకంలోనే అంటించండి. వాటిని తుపాకీకి ముడిపెట్టే అబద్ధపు కథ మాత్రం అల్లకండి. ఆ మనిషి మోసినది ఈ తుపాకీయే అని చెప్పలేము, ఇలాంటిదే అని చెప్పగలం.

సర్టిఫికెట్, హోం ఆఫీసుకు పంపిన సమాచారం కాపీ, రసీదు కలిపి ఒక కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడ ఉందో ఇంట్లో మరొకరికి చెప్పండి. మీ తరువాత ఈ సామాను ఎవరికి చేరాలో, చట్టప్రకారం ఎలా చేరాలో ఒక న్యాయవాదిని అడిగి, ఆ సలహాను కూడా రాసి అదే కవరులో ఉంచండి.